తిరిగే ప్రతిదానికీ ఒక తూకం

ఫజ్ర్ నమాజు ముగించుకొని మస్జిదు మెట్లు దిగే వేళకు ముండ్లమూరు ప్రాంతపు పల్లెలలో పని అప్పటికే మొదలై ఉంటుంది. ఒక ఇంటిలో గ్రైండరు తిరుగుతుంటుంది. వీధి చివర పాల క్యాన్లు కట్టుకొన్న మోటారు సైకిలు చక్రాలు తిరుగుతుంటాయి. ఊరి వెలుపల, నేల లోతున, ఎవరి కంటికీ కానరాని చోట, బోరు మోటారులోని ఇరుసు నిమిషానికి సుమారు 2,850 సార్లు తిరుగుతుంటుంది. ఆ తిరుగుడు సాగినంతసేపు పైన మిరప చేను పచ్చగా ఉంటుంది. ఆగిననాడు రైతు ఇంట అన్నం సహించదు.

మానవ జీవితంలో ఇంత భాగం తిరిగే వస్తువుల మీద ఆధారపడి ఉన్నదని మనం ఎప్పుడోగాని తలచుకోము. పెరటి తిరగలి మొదలు శ్రీశైలం టర్బైను వరకు, గాలిలో గిరగిర రాలే గింజ మొదలు మనం నిలబడి ఉన్న భూగోళం వరకు అన్నీ ఒక ఇరుసు చుట్టూ పరిభ్రమించేవే. వాటి పని తీరును కొంత తెలుసుకొంటే సృష్టికర్త పట్ల కృతజ్ఞత పెరుగుతుంది. మన ఇంటి పిల్లలను, స్త్రీలను ప్రమాదం నుండి కాపాడుకొనే జాగ్రత్తా అలవడుతుంది. ఈ వ్యాసం ఉద్దేశ్యం ఆ రెండూ.

తిరగలి పిడి పట్టిన చేతులు

మనిషి ఇంటిలోనికి తెచ్చుకొన్న తొలి యంత్రాలలో తిరగలి ఒకటి. పేరులోనే దాని పని ఉన్నది. క్రింది రాయి కదలదు, పై రాయి తిరుగుతుంది. నడుమ పడిన గింజ పిండిగా మారి అంచుల వెంట రాలుతుంది. కదలని భాగం, కదిలే భాగం, రెంటినీ కలిపే మధ్య కీలు. నేటి మోటారులో స్టేటర్, రోటర్, బేరింగు అని పిలుచుకొనే మూడూ ఆ రెండు రాళ్ళలోనే ఉన్నాయి. ఒక తేడా ఏమిటంటే, తిరగలిని తిప్పిన శక్తి తీగలలో నుండి రాలేదు, స్త్రీల భుజాలలో నుండి వచ్చింది.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ముద్దుల కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) చేతులు తిరగలి విసిరి విసిరి కాయలు కాచిన సంగతి బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాలలో నమోదై ఉన్నది. ఇంటి పనికి ఒక సేవకుని అడుగుదామని ఆమె తండ్రి వద్దకు వెళ్ళారు. ఆయన కనబడకపోగా హజ్రత్ ఆయిషా (రజి)కు విషయం చెప్పి తిరిగి వచ్చారు. ఆ రాత్రి, ఆమె, హజ్రత్ అలీ (రజి) పడకమీదికి చేరిన తరువాత దైవప్రవక్త (స) స్వయంగా వారి ఇంటికి వచ్చి ప్రక్కన కూర్చున్నారు. సేవకునికన్నా మేలైనది నేర్పుతానని చెప్పి, నిద్రించే ముందు సుబ్‌హానల్లాహ్ 33 సార్లు, అల్‌హమ్దులిల్లాహ్ 33 సార్లు, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమని బోధించారు.

ఈ ఉదంతాన్ని మనం తరచుగా తస్బీహు ఘనతను చెప్పడానికి మాత్రమే ఉదహరిస్తాము. అందులో మరొక అంశమున్నది. ఇంటి చాకిరీ వలన ఒక స్త్రీ చేతికి ఏర్పడిన గుర్తు హదీసు గ్రంథాలకెక్కేటంత ముఖ్యమైన విషయమైనది. తండ్రి ఆ మాట విని ఊరుకొనలేదు, రాత్రివేళ నడచి వచ్చాడు. ఆ తండ్రియే తన ఇంట ఇల్లాలి పనులలో పాలుపంచుకొనేవారని హజ్రత్ ఆయిషా (రజి) సాక్ష్యం పలికారు. నేడు తిరగలి స్థానంలో మిక్సీ, గ్రైండరు వచ్చాయి. రాయిని తిప్పే శ్రమను కరెంటు తీసుకొన్నది. నానబెట్టడం, ఎత్తిపోయడం, కడగడం, తుడవడం మాత్రం ఇల్లాలికే మిగిలాయి. తిరగలి పోయినంతమాత్రాన ఆ హదీసు పాఠం పాతబడలేదు.

ఏకు నుండి నూలు వరకు

మన జిల్లాలలో దూదేకుల, నూర్‌బాషా కుటుంబాల వృత్తి చరిత్ర కూడా తిరిగే చక్రంతో ముడివడినదే. పూర్వం దూది ఏకేవారు పెద్ద విల్లును భుజానికి తగిలించుకొని ఊరూరా తిరిగేవారు. వింటి నారిని చెక్క గుదియతో మోదితే, ఆ కంపనానికి ముద్దకట్టిన దూది పోగు పోగుగా విడిపోయేది, చెత్త రాలిపోయేది. వీధిలో ఆ నారి మోత వినబడితే పరుపులు, దిండ్లు బయటకు వచ్చేవి. తరువాత ఆ పనిని పళ్ళుగల ఇనుప డ్రమ్ము తిరిగే యంత్రం అందుకొన్నది. విల్లు రోజంతా చేసిన పనిని డ్రమ్ము గంటలలో ముగించింది. దానితో పాటు దుమ్ము, మోత, వ్రేళ్ళు చిక్కుకొనే ప్రమాదం కూడా వచ్చాయి.

ఏకిన దూది ఏకులై రాట్నం వద్దకు చేరుతుంది. రాట్నంలోని కిటుకు చాలా సరళం. పెద్ద చక్రాన్ని, సన్నని కదురును ఒకే త్రాడు కలుపుతుంది. చక్రం చుట్టుకొలత కదురు చుట్టుకొలతకు ఎన్ని రెట్లు ఉంటే, చక్రం ఒకసారి తిరిగేలోగా కదురు అన్నిసార్లు తిరుగుతుంది. మెల్లగా ఆడే చేయి, వేగంగా తిరిగే కదురు. సైకిలు పళ్ళ చక్రాలలోను, పిండిమర బెల్టులోను ఉన్నది ఈ లెక్కే.

రాట్నం చరిత్రలో ముస్లిం సమాజాల సాక్ష్యం విలువైనది. 1237లో బాగ్దాదులో అల్-వాసితీ చిత్రించిన ఒక వ్రాతప్రతిలో నూలు వడికే చక్రం స్పష్టంగా కనిపిస్తుంది. భారతదేశంలో చర్ఖా ప్రస్తావన తొలిసారి దొరికేది 1350లో ఇసామీ అనే కవి దక్కనులో, బహమనీ రాజ్యంలో పూర్తి చేసిన 'ఫుతూహుస్సలాతీన్' అనే చరిత్ర కావ్యంలో అని చరిత్రకారులు గుర్తించారు. రజియా సుల్తానా పరిపాలనను ఆక్షేపిస్తూ, స్త్రీకి తగినది చర్ఖా ముందు కూర్చోవడమేనని ఆయన వ్రాశారు. ఆ అభిప్రాయం కాలంతో పాటు వెనుకబడింది. ఆ వాక్యం మాత్రం, 14వ శతాబ్దం నాటికే మన ఇళ్ళలో చర్ఖా తిరుగుతున్నదని చెప్పే ఆధారంగా మిగిలింది.

దివ్య ఖుర్ఆన్‌లోని నహ్ల్ సూరా 92వ వాక్యంలో నూలు వడికే స్త్రీ ఉపమానం ఉన్నది. కష్టపడి గట్టిగా వడికిన నూలును తానే విప్పి పీచు పీచు చేసుకొన్న స్త్రీవలె, చేసిన ప్రమాణాలను భంగపరచుకోవద్దన్నది అక్కడి హెచ్చరిక. కదురు ఒక దిశగా తిరిగినంతసేపే పోగుకు పురి ఎక్కుతుంది, బలం వస్తుంది. దిశ మారితే పురి విడిపోతుంది. వడికే పని తెలిసిన ఏ ఇంటికైనా ఆ ఉపమానం వెంటనే తాకుతుంది.

అల్-జజరీ కార్యశాల

నీటిని పైకి తోడే చక్రం మానవ నాగరికతకు మూలస్తంభం. సిరియాలోని హమా నగరంలో ఒరంటెస్ నది ప్రవాహమే తిప్పే బ్రహ్మాండమైన కొయ్య చక్రాలు నేటికీ ఉన్నాయి. వాటిలో అతి పెద్దదాని వ్యాసం సుమారు 20 మీటర్లు. ఇరాను తూర్పు ప్రాంతమైన సీస్తానులో గాలిమరలు పిండి విసురుతున్నట్లు 10వ శతాబ్దపు భూగోళ గ్రంథకర్తలు వర్ణించారు. అక్కడి మరల ఇరుసు నిలువుగా ఉంటుంది, రెక్కలు దాని చుట్టూ తలుపులవలె తిరుగుతాయి.

ఈ విద్యను ఒక శాస్త్రంగా గ్రంథస్థం చేసినవారిలో అగ్రగణ్యుడు బదీఉజ్జమాన్ ఇస్మాయీల్ అల్-జజరీ. నేటి తుర్కియేలోని దియార్‌బకిర్‌లో అర్తుకీ పాలకుల ఆస్థానంలో పనిచేసిన ఈ యంత్రశిల్పి 1206లో తన గ్రంథాన్ని పూర్తి చేశారు. అందులో 50 యంత్రాల నిర్మాణం బొమ్మలతో సహా వివరించారు. నీరు తోడే యంత్రాలలో ఒకదానిలో, గుండ్రని తిరుగుడును ముందు వెనుకల కదలికగా మార్చే వంపు కడ్డీని వాడారు. మన ట్రాక్టరు, మోటారు సైకిలు ఇంజన్లలోని క్రాంకు షాఫ్టుకు అది పూర్వ రూపం. 1551లో తకీయుద్దీన్ అనే మరొక శాస్త్రవేత్త ఆవిరి తాకిడితో తిరిగే చువ్వను వర్ణించారు. నేటి థర్మల్ కేంద్రాలలోని ఆవిరి టర్బైను సూత్రం అదే.

అల్-జజరీ గ్రంథంలో మరొక విశేషమున్నది. చక్రాన్ని బిగించే ముందు దాని బరువు అన్ని వైపులా సమంగా ఉన్నదో లేదో సరిచూసుకొనే పద్ధతిని ఆయన పేర్కొన్నారు. తిరిగే వస్తువుకు తూకం ప్రాణమని ఎనిమిది వందల ఏళ్ళ క్రితమే ఒక పనివాడు గ్రహించాడు. ఎందుకు ప్రాణమో తెలుసుకోవాలంటే మన బోరు మోటారు వద్దకు రావాలి.

నేల లోతున తిరిగే రోటర్

ముండ్లమూరు పొలాలకు నీరు రెండు దారులలో వస్తుంది. ఒకటి నాగార్జునసాగర్ కుడి కాలువ, దాని నుండి చీలిన దర్శి బ్రాంచి కాలువ. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు కాలువలకు 1967 ఆగస్టు 4న నీరు వదిలారు. కుడి కాలువ మొదట్లోనే 30 మెగావాట్ల విద్యుత్ యంత్రాలు మూడున్నాయి. అంటే, పొలానికి వచ్చే నీరు దారిలో టర్బైను చక్రాన్ని తిప్పి మరీ వస్తుంది. రెండవ దారి బోరు. కాలువ చివరి భూములకు, కాలువ ఎక్కని మెట్టకు అదే దిక్కు.

బోరులో దించే మోటారు పని తీరు ఆశ్చర్యకరమైనది. దాని రోటరుకు బయటి నుండి ఏ కరెంటు తీగా తగిలించరు. చుట్టూ కదలకుండా ఉండే స్టేటరులోని మూడు జతల చుట్టలకు మూడు ఫేజుల కరెంటు ఒకదాని వెంట ఒకటిగా అందుతుంది. దానితో అక్కడ ఒక అయస్కాంత క్షేత్రం పుట్టి గిరగిర తిరుగుతుంది. తిరిగేది లోహం కాదు, కంటికి కనబడని క్షేత్రం. ఆ క్షేత్రం నడుమనున్న రోటరులో, ఉడుతను పెట్టే పంజరంవలె అమర్చిన కడ్డీలలో, తనంతట కరెంటు పుడుతుంది. దానితో రోటరు కూడా అయస్కాంతమై క్షేత్రం వెంట పరుగు తీస్తుంది. ఈ సూత్రాన్ని 1880లలో ఇటలీలో గెలీలియో ఫెరారిస్, అమెరికాలో నికోలా టెస్లా వేరువేరుగా కనుగొన్నారు. టెస్లాకు 1888లో పేటెంటు లభించింది.

మన దేశపు కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు చేస్తుంది. కనుక రెండు ధ్రువాల మోటారులో క్షేత్రం నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంది. రోటరు మాత్రం 2,850 దగ్గర ఉంటుంది. ఆ కాస్త వెనుకబాటు లోపం కాదు. రోటరు క్షేత్రాన్ని పూర్తిగా అందుకొంటే కడ్డీలలో కరెంటు పుట్టడమే ఆగిపోతుంది. జమాఅత్ నమాజులో ముఖ్తదీ ఇమామును అనుసరిస్తాడేగాని ఆయనకన్నా ముందు రుకూలోకి వంగడు. రోటరు నడక అటువంటిదే.

ఈ జమాఅత్ చాలా పెద్దది. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ లైను ద్వారా దక్షిణాది విద్యుత్ వ్యవస్థ మిగతా దేశంతో ఒకే లయలో కలిసింది. ఆనాటి నుండి శ్రీశైలం కుడిగట్టున 110 మెగావాట్ల యంత్రాలు ఏడు, ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రపు టర్బైన్లు, హిమాలయ నదుల మీది యంత్రాలు అన్నీ ఒకే తాళానికి కట్టుబడి తిరుగుతున్నాయి. ముండ్లమూరు చేనిలోని బోరు మోటారు కూడా ఆ వరుసలో నిలబడినదే.

అంతటి ఏర్పాటులో ఒక ఫేజు పోతే ఏమవుతుంది? ఆగి ఉన్న మోటారు అయితే తిరగలేక మూలుగుతుంది. తిరుగుతున్నది అయితే ఆగదు, మిగిలిన రెండు ఫేజుల నుండి ఎక్కువ కరెంటు లాగుతూ తిరుగుతూనే వేడెక్కుతుంది. చివరకు చుట్టలమీది పూత కాలి, వాసన వస్తుంది. రైతు నోట "మోటారు కాలింది" అన్న రెండు మాటలు వెలువడతాయి. వాటి వెనుక బోరులో నుండి పైపులు లాగే కూలి, వైండింగు ఖర్చు, తడి అందక వాడిన పైరు, అప్పు ఉంటాయి. ఫేజు పోగానే మోటారును ఆపే రక్షక పరికరం ధర ఆ నష్టంలో చిన్న భాగం మాత్రమే. ఆటో స్టార్టరు సౌకర్యంగా కనిపిస్తుంది. కాని కరెంటు రాగానే ఊరి మోటార్లన్నీ ఒక్కసారిగా లేచి లాగడంతో వోల్టేజి పడిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడుతుంది. ఒకరి నిద్ర సౌకర్యం పది మంది పైరుకు నష్టం కాకూడదు. తాను నష్టపడకూడదు, ఇతరులకు నష్టం కలిగించకూడదన్నది మన ధర్మశాస్త్రానికి పునాది సూత్రం.

మరొక ముప్పు నీరు అడుగంటడం. బోరు మోటారుకు నీరే చల్లదనం, నీరే కందెన. నీరు తగ్గి మోటారు ఉత్తగా తిరిగితే బేరింగులు అరుగుతాయి. ఇసుక లాగితే నీటిని పైకి నెట్టే ఇంపెల్లరు రెక్కలు ఒక వైపు ఎక్కువగా తినుకుపోతాయి. అక్కడ తూకం చెడుతుంది.

పది గ్రాముల దోషం

తూకం చెడడం అంటే ఎంత? ఒక రోటరు ఇరుసు నుండి 10 సెంటీమీటర్ల దూరాన, ఒక ప్రక్క 10 గ్రాములు ఎక్కువ ఉన్నదనుకొందాము. ఆగి ఉన్నప్పుడు ఆ భారం ఎవరికీ తెలియదు. నిమిషానికి 2,850 సార్లు తిరిగేటప్పుడు మాత్రం అది సుమారు 9 కిలోల బరువుతో సమానంగా ఇరుసును బయటికి లాగుతుంది. పైగా ఆ లాగుడు దిశ సెకనుకు 47 సార్లకు పైగా చుట్టి వస్తుంది. బేరింగు మీద సుత్తితో కొడుతున్నట్లే. వేగం రెట్టింపైతే ఆ దెబ్బ రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది.

అందుకే టైర్ల దుకాణంలో కారు చక్రాన్ని తిప్పి చూసి అంచున చిన్న బరువులు అంటిస్తారు. మోటారు రోటర్లను యంత్రం మీద తిప్పి, బరువు ఎక్కువైన చోట కాస్త తొలుస్తారు. ఇంటి సీలింగు ఫ్యాను ఊగుతూ తిరిగితే దాని రెక్కలలో ఒకటి వంగి ఉంటుంది, లేదా వేరొక ఫ్యాను రెక్క తెచ్చి బిగించి ఉంటారు. మూడు రెక్కలు ఒకే జతవిగా తూచి వస్తాయి, వాటిని విడదీయరాదు.

నిపుణులు తూకంలో రెండు రకాలు చెబుతారు. మొదటిది నిలకడ తూకం. ఇరుసును రెండు సమతలమైన పట్టాల మీద ఉంచితే ఏ వైపూ దొర్లకుండా ఉండడం. రెండవది నడక తూకం. పొడవైన రోటరుకు ఒక కొసన పైవైపు, మరొక కొసన క్రిందివైపు బరువు ఎక్కువగా ఉంటే, నిలిపినప్పుడు అవి ఒకదానినొకటి కప్పిపుచ్చుకొంటాయి. తిప్పితే మాత్రం ఇరుసు రెండు కొసలు ఎదురెదురుగా కొట్టుకొంటాయి. నిలిచినప్పుడు సరిగా కనబడిన దోషం పరుగులో బయటపడుతుంది. మనిషి స్వభావం కూడా అంతే. తీరిక వేళ శాంతంగా ఉండేవాడి తూకం తొందరలో, కోపంలో, లాభనష్టాల నడుమ తెలుస్తుంది.

మానవుడు చేయని రోటర్లు

నల్లమల రాతి కొండలలో తణుకు చెట్టు పెరుగుతుంది. ఎండాకాలంలో దాని ఆకులు రాలిన తరువాత రెండు పొడవైన రెక్కలున్న కాయలు మిగులుతాయి. తొడిమ వీడగానే కాయ నేరుగా పడదు. రెక్కలు గాలిని కోస్తూ గిరగిర తిరుగుతాయి, పతనం నెమ్మదిస్తుంది, గాలి ఆ కాయను తల్లి నీడకు దూరంగా తీసుకుపోతుంది. వృక్షశాస్త్రజ్ఞులు ఈ చెట్టుకు పెట్టిన పేరుకు అర్థమే 'తిరిగే కాయ' అని. ఇంజను ఆగిపోయిన హెలికాప్టరును నేర్పరి పైలట్ దించేది ఈ సూత్రంతోనే. క్రింది నుండి తగిలే గాలి రెక్కలను తిప్పుతుంది, తిరిగే రెక్కలు పతనాన్ని ఆపుతాయి.

ఇంకా సూక్ష్మానికి వెళితే, మన ప్రేగులలో నివసించే బ్యాక్టీరియా ఒకదానికి తోకవంటి పోగులు ఉన్నాయి. అవి కొరడాలవలె ఊగుతాయని శాస్త్రవేత్తలు చాలాకాలం తలచారు. కాదు, ఓడ ప్రొపెల్లరువలె తిరుగుతాయని 1973లో హోవర్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ నిరూపించారు. ఆ పోగు మొదట్లో ఇరుసు, బేరింగువంటి వలయాలు ఉన్న మోటారే ఉన్నది. అది సెకనుకు నూరుసార్లకు పైగా తిరుగుతుంది, అవసరమైతే దిశ మార్చుకొంటుంది.

మన కణాలలోను అటువంటిదే ఉన్నది. తిన్న అన్నంలోని శక్తిని శరీరం ఏటీపీ అనే అణువుగా మార్చుకొంటుంది. ఆ పనిచేసే ప్రొటీనులో నడిమి భాగం ఇరుసువలె తిరుగుతుంది, ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీ అణువులు తయారవుతాయి. 1997లో జపాను శాస్త్రవేత్తలు ఆ తిరుగుడును సూక్ష్మదర్శిని క్రింద కళ్ళారా చూశారు. అదే ఏడు ఈ పరిశోధనకుగాను పాల్ బోయర్, జాన్ వాకర్‌లు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానం పంచుకొన్నారు. మనం ఈ వాక్యం చదువుతున్నంతలో అటువంటి కోటానుకోట్ల రోటర్లు మన దేహంలో తిరిగి ఉంటాయి. వాటికి వైండింగు కట్టినవారెవరు? నూనె వేసేవారెవరు?

ఇక మహత్తరమైన చక్రం మన కాళ్ళ క్రిందనే ఉన్నది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందున ముండ్లమూరులో నిలబడిన మనిషి గంటకు సుమారు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు ప్రయాణిస్తున్నాడు. అయినా లోటాలోని నీరు తొణకదు. 2024 డిసెంబరులో ముండ్లమూరు, తాళ్ళూరు మండలాలలో వరుస రోజులలో స్వల్ప భూప్రకంపనలు వచ్చినప్పుడు మాత్రం జనం ఇళ్ళలో నుండి పరుగున బయటికి వచ్చారు. అంతటి వేగం మనకు తెలియకపోవడానికి కారణం అది ఒకే తీరుగా సాగడం. క్షణకాలపు అదురు తెలియడానికి కారణం అది తీరు తప్పడం. మనకు నిత్యం అందే అనుగ్రహాలు కనబడకపోవడానికి కూడా కారణం అదే కాబోలు. అవి ఒక్క క్షణమూ తప్పవు కనుక.

భూభ్రమణం ప్రభావం బంగాళాఖాతంలో పుట్టే తుపానులోను కనిపిస్తుంది. ఉత్తరార్ధగోళంలోని తుపానులన్నీ గడియారపు ముల్లుకు వ్యతిరేక దిశలోనే సుడి తిరుగుతాయి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచినదీ అటువంటి చక్రమే. వేసవి పొలాలలో లేచే చిన్న సుడిగాలి మాత్రం ఏ దిశలోనైనా తిరుగుతుంది, భూభ్రమణం ప్రభావం చూపడానికి దాని పరిధి చాలదు.

దివ్య ఖుర్ఆన్‌లో జుమర్ సూరా 5వ వాక్యం రాత్రిని పగటిమీద, పగటిని రాత్రిమీద చుట్టడం గురించి చెబుతుంది. అక్కడి అరబీ క్రియ తలపాగా చుట్టడానికి వాడేది. యాసీన్ సూరా 40వ వాక్యం సూర్యచంద్రులు తమతమ కక్ష్యలలో సాగడాన్ని స్మరింపజేస్తుంది. ఖుర్ఆన్ యంత్రశాస్త్ర పాఠ్యపుస్తకం కాదు, మార్గదర్శక గ్రంథం. ప్రతి కొత్త పరిశోధనను లాగి వాక్యానికి అంటించనవసరం లేదు. చూడమని, ఆలోచించమని అది ఇచ్చే పిలుపును అందుకొంటే చాలు.

దుపట్టా, ఫ్యాను, పసిపాప

తిరిగే వస్తువు ఉపకారి. అయితే దానికి కళ్ళు లేవు. పిండికి, వ్రేలికి తేడా దానికి తెలియదు. మన ఇళ్ళలో, దారులలో జరిగే కొన్ని ఘోరాలు కొద్దిపాటి ఎరుకతో తప్పేవే.

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే మోటారు సైకిలు చక్రం సెకనుకు సుమారు 7 సార్లు తిరుగుతుంది. వెనుక కూర్చున్న స్త్రీ దుపట్టా కొస చక్రంలో పడితే, రెండున్నర మీటర్ల గుడ్డ చుట్టుకుపోవడానికి అర సెకను చాలు. "ఆపండి" అన్న కేక నోట వెలువడేంత వ్యవధి కూడా కాదు. మెడకు చుట్టి ఉన్న గుడ్డ అయితే జరిగేది ఊహించుకోవచ్చు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి (1989)లోని 123వ నిబంధన ప్రకారం వెనుక చక్రంలో కనీసం సగం భాగాన్ని కప్పే కవచం ఉండాలి. వెనుక కూర్చున్నవారి దుస్తులు చిక్కుకోకుండా ఉండడమే దాని ఉద్దేశ్యం. అందం చెడుతుందని ఆ కవచాన్ని ఊడదీయించే యువకులు తమ తల్లి, చెల్లి ఆ బండి మీదే కూర్చుంటారని మరువరాదు. బండి ఎక్కేముందు హిజాబును పిన్నుతో బిగించి కొసలు లోపలికి దోపుకోవాలి, బురఖా అంచును ఒడిలోనికి తీసుకోవాలి. పరదాకు ఇందులో లోటేమీ లేదు, ప్రాణానికి రక్ష ఉన్నది.

ట్రాక్టరు వెనుక నుండి నూర్పిడి యంత్రానికి శక్తినిచ్చే ఇరుసు మామూలుగా నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. దాని మీది తొడుగు విరిగితే ఆ రోజుకు పని ఆపి కొత్తది వేయించాలి. లుంగీ, వదులు చొక్కా, భుజంమీది కండువా ఆ దరిదాపులకు పోరాదు. గడ్డి కత్తిరించే యంత్రం, చెరకు రసం రోలర్లు, పిండిమర బెల్టు వద్దా జాగ్రత్త ఇదే. చిక్కిన గడ్డినో గుడ్డనో తీయాలంటే ముందు స్విచ్ ఆపి, యంత్రం పూర్తిగా నిలిచేవరకు ఆగాలి. స్విచ్ ఆపినంత మాత్రాన చక్రం ఆగదు, దానిలో నిలువ ఉన్న వేగం కొంతసేపు తిప్పుతూనే ఉంటుంది.

ఇంటిలో పసివారిని ముద్దుగా పైకి ఎగురవేసే అలవాటు చాలామందికి ఉన్నది. నాలుగు అడుగుల సీలింగు ఫ్యాను నిమిషానికి 350 సార్లు తిరిగితే దాని రెక్క కొస గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఫ్యాను క్రింద బిడ్డను ఎగురవేయకండి, మంచం మీద నిలబడి ఎత్తుకోకండి. మిక్సీ మూత తీసి గరిటె పెట్టేముందు ప్లగ్ తీయండి. బండి మీద కూర్చున్న పిల్లల పాదాలు చువ్వలలోకి పోకుండా చూడండి.

ఒంటెను ముందు కట్టివేసి ఆపై దైవాన్ని నమ్ముకోమని దైవప్రవక్త (స) బోధించినట్లు తిర్మిజీ గ్రంథంలో ఉన్నది. చక్రానికి కవచం, మోటారుకు ఫేజు రక్షక పరికరం, దుపట్టాకు పిన్ను మన కాలపు కట్టుత్రాళ్ళు.

మీజాన్

రహ్మాన్ సూరా ఆరంభంలో ఆకాశాన్ని ఎత్తి నిలిపిన ప్రస్తావన వెంటనే త్రాసు ప్రస్తావన వస్తుంది. ఆ తూకంలో హద్దు మీరవద్దన్న ఆజ్ఞ వస్తుంది. వ్యాఖ్యాతలు దానిలో న్యాయాన్ని, అంగడి తూనికను, సృష్టిలోని సమతౌల్యాన్ని చూశారు. బోరు మోటారు విప్పి, ఇరుసును రెండు చేతులా పట్టుకొని, ఏ వైపు దొర్లుతున్నదో చూసే వైండింగు పనివాడికి ఆ మాట అర్థం కావడానికి పెద్ద వ్యాఖ్యానం అవసరం లేదు. పది గ్రాములు ఎక్కడ ఎక్కువైనాయో కనుక్కోవడమే అతని పని.

మన సంసారాలూ అంతే. ఆదాయంలో ఒక ప్రక్క పెరిగిన ఆడంబరం, పనిలో ఒక్కరి భుజాల మీదనే పడిన భారం, నీటిలో ఒక్క చేనికే పోయిన ప్రవాహం ఆగి ఉన్నప్పుడు కనబడవు. జీవితం వేగం అందుకొన్నప్పుడు అవి ఇరుసును కొట్టడం మొదలుపెడతాయి. మోటారు మోత మారినప్పుడే ఆపి చూసిన రైతుకు బేరింగుతో పోతుంది, చూడనివాడికి మోటారే పోతుంది.

ఈ రాత్రి ఇంటి పనులన్నీ ముగిసి గ్రైండరు కడిగి బోర్లించిన తరువాత, హజ్రత్ ఫాతిమా (రజి)కు నేర్పిన ఆ నూరు పలుకులు పఠించండి. అంతకుముందు ఒక్కమాటు ఇంటి ఫ్యాను వైపు, బండి వెనుక చక్రం వైపు, పనితో అలసిన ఇల్లాలి చేతుల వైపు చూడండి. ఎక్కడ తూకం తప్పినా సరిదిద్దుకొనే బుద్ధిని అల్లాహ్ మనకందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.